గాలి పోనియ్యకుంటె

వేపచెట్టు కింద నేను బండి పెట్టే చోట అరచేయంత నల్లటి మరక కనిపించింది. ఆ రోజు నేను చేసిన మొదటి పని దాని మీద దోసెడు ఇసుక పోయడం. రెండో రోజు ఇంకో దోసెడు పోశాను. మూడో రోజు బండిని రెండు గజాలు ముందుకు జరిపి పెట్టాను, మరక కొత్త చోట పడింది. ఇంట్లోవాళ్లు అడిగితే "పాత బండి గదా, కొంచెం చెమరుస్తది" అన్నాను. చెమర్చడం అన్న మాట నాకు భలే కలిసొచ్చింది. కారడమంటే ఖర్చు. చెమర్చడమంటే ఏమీ కాదు.

అట్లా ఇరవై రోజులు గడిపాను. ఈ అధ్యాయం ఆ ఇసుకతో మొదలవుతుంది. చేతకాక పోసిన ఇసుక కాదది, చూడాల్సి వస్తుందని పోసింది. మీ దగ్గర కూడా ఎక్కడో ఒక చోట అట్లాంటి దోసెడు ఇసుక ఉండే ఉంటుంది. అప్పుల పుస్తకం మీదో, మందుల చీటీ మీదో. అది ఎక్కడుందో గుర్తొచ్చినవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, తర్వాత చదవండి.

మాది మోత్కూర్. 2016 అక్టోబరు దాకా నల్లగొండ జిల్లా, ఆ తర్వాత యాదాద్రి భువనగిరి. బత్తాయి, పత్తి, వరి. కాయలు బాటసింగారం మార్కెట్ చేరాలన్నా, ఎరువు బస్తాలు చెలకకు చేరాలన్నా పికప్పే దిక్కు. ఇక్కడ తిరిగే పికప్పుల్లో దాదాపు అన్నిటికీ ఇంజను బలం వెనక చక్రాలకే వెళ్తుంది. నాది ఫోర్ బై ఫోర్. బిక్కేరు వాగు ఒడ్డు దారుల్లో, వానాకాలం తోటలో దిగబడకుండా ఉంటుందని ఆశపడి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అట్లాంటి బండికి వెనక ఉన్నట్టే ముందు కూడా ఒక డిఫరెన్షియల్ ఉంటుంది. షెడ్లలో దాన్ని ముందు క్రౌన్ అంటారు. నా బండి కారింది అక్కడే. మీ బండికి వెనకది ఒక్కటే ఉన్నా ఫరవాలేదు, లోపలి సంగతి రెండింటికీ ఒకటే.

డిఫరెన్షియల్ ఎందుకుందో తెలియాలంటే ఎడ్లబండిని తలుచుకోండి. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ. ఎడ్లబండికి ఆ చిక్కు లేదు. ఇరుసు కదలదు, చక్రాలు రెండూ దాని మీద వేటికవే తిరుగుతాయి, లాగే పని ఎడ్లది. ఇంజను వచ్చాక చక్రాన్నే తిప్పాల్సి వచ్చింది. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగించి తిప్పితే మలుపులో ఒకటి ఈడ్చుకుంటూ పోతుంది. రెండింటికీ బలం ఇస్తూనే దేని వేగం దానికి వదిలేసే పళ్లచక్రాల ఏర్పాటుకు 1820ల చివర్లో ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెకర్ అనే యంత్రనిపుణుడు ఆవిరి బండి కోసం పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి పెట్రోలు కార్లు లేవు.

ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టేవాళ్లు, ఆముదంలో మసి కలిపిన నల్లటి జిగురు. ఆముదానికి మన నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకలు పెట్టింది పేరు. క్యాస్ట్రాల్ డబ్బా మీద పేరులో దాక్కున్నదీ ఆ ఆముదమే, దాన్ని ఇంగ్లీషులో క్యాస్టర్ అంటారు. కందెనకు అడ్డూ ఆపూ లేదు. బండి నడిచినంతసేపూ కారేది, మళ్లీ బయల్దేరే ముందు మళ్లీ పూసేవాళ్లు. కారడం అప్పుడు లోపం కాదు, అదే పద్ధతి.

ముందు క్రౌన్‌లో పద్ధతి వేరు. దుక్కలాంటి ఇనుప డొక్కలో గేర్ ఆయిల్ పోసి మూస్తారు, అదే లోపల ఏళ్ల తరబడి ఉండాలి. కానీ బలం లోపలికి పోవాలంటే పినియన్ అనే షాఫ్ట్ డొక్క గోడలోంచి తిరుగుతూ దూరాలి. తిరిగే ఇనుముకీ, కదలని ఇనుముకీ మధ్య సందు వదలక తప్పదు. ఆ సందు దగ్గర కావలి ఉండేదే ఆయిల్ సీల్. ఇనుప రింగుకు రబ్బరు తొడుగు, లోపలివైపు పలుచటి పెదవి, ఆ పెదవిని షాఫ్ట్‌కు అదిమిపట్టే వెంట్రుకంత సన్నని స్ప్రింగు. బయటివైపు దుమ్ము కోసం ఇంకో చిన్న పెదవి. చేతిలో పెట్టుకుంటే పెద్ద బరువేమీ ఉండదు.

రబ్బరు రాకముందు ఈ పెదవి తోలుదే. 1849 నుంచి తోళ్ల వ్యాపారంలో ఉన్న జర్మనీ కంపెనీ ఫ్రాయిడెన్‌బర్గ్, 1930ల్లో లోహపు గూట్లో తోలు పెదవి బిగించిన సీళ్లు చేసి అమ్మింది. తర్వాత రబ్బరుకు మారింది. తోలు అంటే మన పెద్దలకు మోట గుర్తొస్తుంది. ఇనుప బొక్కెనకు కింద తోలు తొండం. మోట నడుస్తున్నన్నాళ్లూ తొండం మెత్తగా ఉండేది, నాలుగు నెలలు పక్కన పడేస్తే బిరుసెక్కి చిట్లేది. ఫోర్ బై ఫోర్ వాడకుండా ముందు చక్రాల హబ్‌లు ఫ్రీలో పెట్టి నెలల తరబడి తిప్పే బండికి కూడా అదే గతి. ముందు క్రౌన్ తిరగదు, ఆయిల్ చిమ్మదు, పెదవి ఎండిపోతుంది. నెలకోసారి హబ్‌లు వేసి మట్టిదారిలో కొన్ని కిలోమీటర్లు నడిపితే సీలుకు తడి అందుతుంది. గట్టి తారురోడ్డు మీద మాత్రం ఫోర్ బై ఫోర్ వేసి మలుపులు తిప్పకండి. మీ బండి మాన్యువల్ కూడా ఈ మాట చెబుతుంది.

ఇక నా కథ. ఇసుక అయిపోయాక ఒక షెడ్డుకు పోయాను. చూశారు, సీలు పోయిందన్నారు, మార్చారు. నెలా పదిహేను రోజులకు మళ్లీ మరక. నకిలీ సీలు పడి ఉంటుందనుకొని ఇంకో షెడ్డులో ఒరిజినల్ వేయించాను. అది అంతకంటే ముందే కారింది. రెండు సీళ్ల ధర కలిపినా పెద్ద లెక్క కాదు. కూలీ, రెండు రోజుల కిరాయి, మార్కెట్ దారిలో చౌటుప్పల్ దాటాక క్రౌన్ ఎక్కడ పట్టేస్తుందోనన్న దిగులు, వీటి లెక్కే పెద్దది. అప్పటికి నాకు మూడు కోపాలున్నాయి. సీలు మీద, మెకానిక్‌ల మీద, ఈ బండి అమ్మినవాడి మీద.

తిరుమలగిరి రోడ్డు మీద ఒక పెద్దమనిషి చిన్న షెడ్డు ఉండేది. అందరూ ఉస్తాద్ అనే పిలిచేవాళ్లు. బండి తీసుకపోతే కిందికి వంగి కూడా చూడలేదు. బీడీ ఆర్పి, ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఎన్నిసార్లు మార్పిచ్చినవ్ తమ్మీ?"

"రెండుసార్లు, ఉస్తాద్."

"రెండుసార్లు గదే జాగల కారిందా?"

"అవును."

"మరి సీలుదే తప్పని ఎవరు జెప్పిన్రు నీకు?"

నా దగ్గర సమాధానం లేదు. ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. ఎండాకాలం బండి ఎంతకాలం ఖాళీగా పెట్టినవ్? ఎక్కడ పెట్టినవ్? వేపచెట్టు కింద రెండు నెలలు, అన్నాను. అప్పుడు బానెట్ ఎత్తి, క్రౌన్ మీద నుంచి పైకి వచ్చిన వేలెడంత లావు రబ్బరు గొట్టం ఒకటి పట్టుకొని కింది కొస ఊడదీశాడు. ఆ కొసను నోట్లో పెట్టుకొని ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి, గాలి పోలేదు. సైకిల్ చక్రం పుల్ల తీసుకొని పై కొసలో గుచ్చి తిప్పితే ఎర్రమట్టి పెళ్లలు పెళ్లలుగా రాలింది. మట్టితోపాటు ఎండిపోయిన సాలెపురుగులు నాలుగైదు, కాళ్లు ముడుచుకొని. మట్టిగూడు కట్టే కందిరీగ పిల్లల కోసం దాచిపెట్టిన బువ్వ అది. గొట్టం పైన ఉండాల్సిన మూత ఎప్పుడో పడిపోయింది. ఆ రంధ్రం కందిరీగకు ఇల్లయింది.

ఉస్తాద్ మళ్లీ ఊదాడు. ఈసారి సుయ్‌మని పోయింది.

"గాలి పోనియ్యకుంటె నూనె పోతది" అన్నాడు.

ఆ గొట్టాన్ని బ్రీదర్ అంటారు. డొక్కలో ఆయిల్ నిండుగా ఉండదు, పైన గాలి ఉంటుంది. పళ్లచక్రాలు ఆయిల్‌ను చిలికి వేడెక్కిస్తాయి, దాంతో గాలి కూడా వేడెక్కుతుంది. 30 డిగ్రీల దగ్గర మూసిన గాలి 70 డిగ్రీలకు చేరిందనుకోండి, పోయే దారి లేకపోతే దాని ఒత్తిడి దాదాపు ఎనిమిదో వంతు పెరుగుతుంది. వెనక క్రౌన్ ఇంకా వేడెక్కుతుంది, అక్కడ ఇంకా ఎక్కువ. ఆయిల్‌ను ఆపడం వరకే సీలు పెదవి పని, గాలి మూటను మోయడం కాదు. ఒత్తిడి వెతుక్కుంటూ వచ్చి డొక్క మొత్తంలో అన్నిటికంటే మెత్తగా ఉన్న చోట తన్నుతుంది. ఆ చోటు సీలు. నేను రెండుసార్లు మార్చింది తన్నులు తిన్నవాణ్ని.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. వేడెక్కిన బండిని వాగులోకి దింపితే డొక్క ఒక్కసారిగా చల్లబడుతుంది. లోపలి గాలి ముడుచుకుంటుంది. బ్రీదర్ మూసుకొని ఉంటే ఆ గాలి సీలు పెదవి దగ్గర నుంచి నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. నీళ్లు కలిసిన గేర్ ఆయిల్ పాలు పోసిన చాయ్ రంగుకు వస్తుంది. ఆ రంగు కనిపిస్తే సీలు సంగతి తర్వాత, ముందు బేరింగుల గురించి దిగులుపడాలి.

ప్రతి బోల్టుకూ ఒక జీవితసత్యం వేలాడదీసే పుస్తకాలంటే నాకు చిరాకు. ఈ బ్రీదర్ మాత్రం నన్ను వదల్లేదు, కారణం చెబుతాను. అదే ఏడాది కాయల సీజన్‌లో నా బండి మార్కెట్‌కు ఆలస్యంగా చేరేది. వేలం మొదలయ్యాక చేరిన కాయకు రేటు పలకదు. డ్రైవర్ నిదానస్తుడని మార్చాను. రెండోవాణ్ని మార్చాను. మూడోవాడూ ఆలస్యమే. ఉస్తాద్ దగ్గర నుంచి వచ్చిన వారం, డ్రైవర్ పక్క సీట్లో నేనే కూర్చొని సాయంత్రం నుంచి చూశాను. కాయ కోసేది ఒక గుంపు, తూచేది ఒక్క కాంటా. ఆ కాంటా పక్క తోటవాళ్లదీ మాదీ ఉమ్మడిది, వాళ్లయ్యాకే మాకు వచ్చేది. బండి నిండేసరికే రాత్రి పదకొండు. డ్రైవర్లు ముగ్గురూ రోడ్డు మీద పోగొట్టింది ఏమీ లేదు. సొంత కాంటా ఒకటి కొన్నాను. మొదటి డ్రైవర్‌ను మళ్లీ పిలిస్తే రాలేదు, అతనికి కోపం పోలేదు. అతని కోపమూ న్యాయమే.

కాబట్టి మీరు చేయాల్సిన పని ఒకటుంది. మీ ఇంట్లో, కొట్లో, పొలంలో ఒకే చోట రెండుసార్లు పాడైనదేదో రాసుకోండి. వస్తువైనా సరే, మనిషితో పేచీ అయినా సరే. మూడోసారి దాన్ని ముట్టుకునే ముందు, దాని వెనక ఏ గొట్టం మూసుకుపోయిందో వెతకండి. వెతికినా ఏమీ దొరక్కపోవచ్చు, నిజంగా సీలే పాతబడి ఉండొచ్చు. అప్పుడు నిశ్చింతగా మార్చండి. మార్చడం ఎట్లాగో ఇప్పుడు చూద్దాం. అందులోనూ ఓపిక పరీక్షలు చాలానే ఉన్నాయి.

ముందు ఆ కారేది ఏ నూనె అన్నది తేల్చుకోవాలి. ముందు క్రౌన్ సరిగ్గా ఇంజను కిందే ఉంటుంది కాబట్టి పైనుంచి కారిందంతా దాని మీదే పడుతుంది, దాని నెత్తినే నింద పడుతుంది. వేలికి రాసుకొని చూడండి. ఇంజన్ ఆయిల్ డీజిల్ బండిలో కాటుకలా నల్లగా ఉంటుంది. స్టీరింగ్ ఆయిల్ చాలా బండ్లలో ఎర్రగా ఉంటుంది. బ్రేక్ ఆయిల్ నీళ్లలా పలుచన. గేర్ ఆయిల్ చిక్కగా, తేనెపాకంలా సాగుతుంది, పైగా దాని వాసనే దాని గుర్తు. పళ్లచక్రాల ఒరిపిడికి తట్టుకోవడానికి అందులో గంధకం కలిసిన రసాయనాలు వేస్తారు, అందుకే మురిగిన వెల్లుల్లిలాగా కొడుతుంది. ఒకసారి ముక్కుకు తగిలితే మర్చిపోరు. చొక్కాకు అంటితే ఇంట్లోవాళ్లు మర్చిపోనివ్వరు.

తర్వాత ఎక్కడి నుంచి అన్నది. కిందికి దూరి, డీజిల్ ముంచిన బ్రష్‌తో డొక్క మొత్తం కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. దాని మీద మొహం పౌడర్ చల్లండి. ఇరవై, ముప్ఫై కిలోమీటర్లు నడిపి వచ్చి టార్చి వేసి చూడండి. పౌడర్ మీద తడి చార ఎక్కడ మొదలైందో అదే ఊట. నూనె కారేటప్పుడు గాలి దాన్ని వెనక్కి తోస్తుంది, క్రౌన్‌కు బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను పినియన్‌కు కలిపే ఫ్లాంజ్ చుట్టూ చిమ్ముతుంది. అందుకే తడి ఎక్కువగా ఉన్న చోటే ఊట కానక్కర్లేదు. ఫ్లాంజ్ ఎదురుగా బండి అడుగున గుండ్రంగా చిమ్మినట్టు చుక్కలుంటే పినియన్ సీలు. చక్రం వైపు, టైరు లోపలి అంచు తడిగా ఉంటే ఇరుసు సీలు. అది బ్రేకులకు అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి అట్లాంటి బండిని ఒక్క రోజు కూడా లోడుతో తిప్పకండి.

కొందరు బయటి నుంచి గ్యాస్కెట్ పేస్ట్ పూస్తారు. తిరిగే చోట పేస్ట్ నిలవదు. ఇంకొందరు లీకు ఆపే మందు అంటూ సీసా పోస్తారు. రబ్బరును ఉబ్బించి కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. అది కూడా ఇసుకే, సీసాలో వచ్చింది.

పనికి దిగేటప్పుడు చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, జాకీతో లేపాక ఇనుప స్టాండ్లు పెట్టండి. ఇటుకలు వద్దు, పగులుతాయి. జాకీ ఒక్కదాన్ని నమ్ముకొని బండి కింద పడుకోవద్దు. ఇక్కడ నేను హాస్యమాడను.

ఆయిల్ వంచే ముందు ఇంకో మాట. కింద వంచే బోల్టు విప్పకముందే, పైన ఆయిల్ పోసే బోల్టు విప్పి చూడండి. ఏళ్లుగా తియ్యని ఆ బోల్టు తుప్పుతో బిగుసుకొని ఉండొచ్చు. కింద ఖాళీ చేసి, పైన విప్పలేక, ఒక్క చుక్క ఆయిల్ లేని బండిని పెట్టుకొని కూర్చున్నవాళ్లను చూశాను. పోయగలమని తేలాకే ఖాళీ చేయాలి. వంచే బోల్టు కొసకు చాలా బండ్లలో అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిదరంగు ముద్ద అంటుకొని ఉంటే భయం లేదు, అది మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే ముక్కలు, పంటి తునకలు ఉంటే సీలు పని ఆపి, క్రౌన్ విప్పే మనిషిని పిలవండి.

ఇప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాలి. విప్పే ముందు షాఫ్ట్‌కీ ఫ్లాంజ్‌కీ కలిపి సుద్దతో కాదు, రంగుతో ఒక గీత గీయండి. సుద్ద చెరిగిపోతుంది. విప్పిన షాఫ్ట్‌ను వేలాడనీయకుండా తాడుతో కట్టండి, వేలాడితే క్రాస్ బేరింగులు దెబ్బతినొచ్చు. ఇక మిగిలింది ఫ్లాంజ్ నడుమ ఉన్న పెద్ద నట్టు. సీలు మార్చే పనంతా ఒకెత్తు, ఈ నట్టు ఒకెత్తు.

అది ఫ్లాంజ్‌ను పట్టుకోవడం ఒక్కటే చేయదు. పినియన్ బేరింగుల మీద ఎంత బిగువు ఉండాలో అదే నిర్ణయిస్తుంది. చాలా బండ్లలో లోపల ఒక పలుచటి గొట్టం ఉంటుంది, నట్టు బిగించే కొద్దీ నలిగి సరైన కొలతకు వస్తుంది. ఒకసారి ఎక్కువ నలిగితే వెనక్కి రాదు, కొత్తది వేయాల్సిందే. తక్కువ బిగిస్తే పినియన్ ఊగుతుంది, దాంతో కొత్త సీలు పెదవి అరిగిపోతుంది. ఎక్కువ బిగిస్తే బేరింగ్ కాలిపోతుంది. మన షెడ్లలో పొడుగు పైపు తగిలించి కుర్రాడు వేలాడి బిగించే నట్లలో ఇదొకటి.

ఉస్తాద్ ఏం చేశాడో చెప్తాను. హబ్‌లు ఫ్రీలో పెట్టాడు. నట్టు విప్పకముందే ఫ్లాంజ్‌కు గట్టి దారం నాలుగు చుట్లు చుట్టాడు. దారం కొసకు చేపలు తూచే చిన్న స్ప్రింగు కాంటా తగిలించి, నెమ్మదిగా, ఒకే వేగంతో లాగాడు. ఫ్లాంజ్ తిరుగుతుండగా ముల్లు ఎక్కడ నిలబడిందో చూసి, గోడ మీద పెన్సిలుతో రాశాడు. కదిలించడానికి పట్టిన బరువు కాదు, తిరుగుతుండగా పట్టే బరువు, అని కుర్రాడికి చెప్పాడు. తర్వాత నట్టుకీ, పినియన్ కొసకీ, ఫ్లాంజ్‌కీ కలిపి సన్నని పంచ్‌తో మూడు చుక్కలు పెట్టాడు. విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో వేళ్ల మీద లెక్కబెట్టాడు. వంద బండ్లు చేసిన మనిషి నూట ఒకటో బండికి గోడ మీద రాసుకున్నాడు. నాకు తెలిసిన చదువుకున్నవాళ్లలో ఇంత పద్ధతి తక్కువమందికి ఉంది, నన్ను కలుపుకొని.

బిగించేటప్పుడు కొత్త నట్టు వేసి, లెక్కబెట్టిన చుట్లకు దగ్గరగా వచ్చాక, వెంట్రుకవాసి బిగించడం, దారం చుట్టి లాగడం, మళ్లీ వెంట్రుకవాసి, మళ్లీ లాగడం. గోడ మీద అంకెకు చేరి, దాన్ని రవ్వంత దాటగానే ఆపేశాడు. మొత్తం పని రెండున్నర గంటలు పడితే, అందులో ముప్పావుగంట ఈ నట్టుతోనే. నట్టు బిగువు ఒక్కో బండికి ఒక్కో రకం. కంపెనీ మాన్యువల్‌లో ఉన్నదే ఆఖరి మాట. ఈ కొలత పట్టడం చేతకాదనిపిస్తే ఇక్కడ ఆపి తెలిసిన చేతికి ఇవ్వండి. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా పని రావడంలో భాగమే.

విప్పడానికీ బిగించడానికీ నడుమ ఉన్న పని ఇది. నట్టు విప్పాక ఫ్లాంజ్‌ను పుల్లర్‌తో లాగాలి, సుత్తితో కొట్టకూడదు. ఆ దెబ్బలకు లోపలి బేరింగులో గుంటలు పడొచ్చు. ఫ్లాంజ్ బయటికొచ్చాక సీలు పెదవి ఆనే మెరుపు పట్టీ మీద గోరు పెట్టి అడ్డంగా గీయండి. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడింది. రబ్బరు ఇనుమును ఎట్లా కోస్తుందని అడగొచ్చు. రబ్బరు కోయదు, పెదవి కింద ఇరుక్కున్న దుమ్ము కోస్తుంది. గాడి పడిన ఫ్లాంజ్ మీద ఎంత మంచి సీలు వేసినా కారుతుంది. దానికి సన్నని ఉక్కు తొడుగులు దొరుకుతాయి, కాగితం మందం, పట్టీ మీద తొడిగేస్తే సరి. లేదా కొత్త ఫ్లాంజ్. గాడి లేదు, గరుకుగా మాత్రమే ఉంటే సన్న ఎమరీ కాగితంతో చుట్టూ తిప్పుతూ రుద్దండి, నిలువుగా కాదు. ఏటవాలు గీతలు పడితే అవే మరలాగా నూనెను బయటికి తోడేస్తాయి.

పాత సీలును ఊడబెరికేటప్పుడు గూటి గోడకు స్క్రూడ్రైవర్ గీత పడకుండా చూసుకోండి. దాని ముఖం మీద అంకెలుంటాయి: లోపలి కొలత, బయటి కొలత, మందం. వాటిని చూపించి కొత్తది కొనండి, కంటి అంచనాతో కాదు. మామూలు నైట్రైల్ రబ్బరు దాదాపు 100 డిగ్రీల వేడి దాకా నిలుస్తుంది. అంతకు మించిన వేడి ఉన్న చోట వైటాన్ రకం కావాలి, ధర ఎక్కువ. స్ప్రింగు ఉన్న పెదవి నూనె వైపు చూడాలి. తిరగేసి వేసినవాళ్లు కూడా ఉన్నారు, నవ్వకండి, చీకటి షెడ్డులో ఎవరికైనా జరుగుతుంది. పెదవికి గ్రీజు రాయడం మర్చిపోతే మొదటి కిలోమీటర్లలోనే పొడి రాపిడికి కాలిపోతుంది. సీలు అంచుకు సరిపోయే పైపు ముక్కో, పాత బేరింగు రింగో పెట్టి, చుట్టూ సమానంగా, చిన్న చిన్న దెబ్బలతో దించాలి. ఒక పక్క ముందు దిగితే అక్కడే కారుతుంది. ఆఖరున వేలితో లోపల తడిమి స్ప్రింగు జారలేదని చూసుకోండి.

కొత్త ఆయిల్ పోసేటప్పుడు బండి నేల మీద సమంగా ఉండాలి. షెడ్లో తొంభై నంబర్ అంటారు. ఈ రకం క్రౌన్‌లకు ఎక్కువగా చెప్పేది 80డబ్ల్యూ-90, జీఎల్-5 రకం. మీ బండికి ఏది చెప్పారో మాన్యువల్‌లో చూడండి. జీఎల్-5 మిగిలింది కదా అని గేర్‌బాక్సులో పోయకండి, కొన్నిటిలో ఉండే ఇత్తడి రింగులకు అది పడదు. పోసే రంధ్రం అంచు దాకా వచ్చి, బయటికి చుక్క కారగానే ఆపాలి. ఎక్కువ పోస్తే మంచిదనుకోవడం మన అలవాటు. ఎక్కువైన నూనె మళ్లీ సీలు మీదే పడుతుంది. వంచిన పాత ఆయిల్‌ను మోరీలో పారబోయకుండా డబ్బాలో పట్టి కొనేవాళ్లకు ఇవ్వండి.

పని అయ్యాక డబ్బులు ఇస్తుంటే ఉస్తాద్ కూలీ మాత్రమే తీసుకున్నాడు, బ్రీదర్‌కు ఏమీ అడగలేదు. గొట్టం కొసకు వేయమని ఒక చిన్న ప్లాస్టిక్ మూత ఇచ్చాడు, ఏదో పాత బండిది.

"మూత పెట్టినా గని, నెలకోపారి సూడు తమ్మీ" అన్నాడు. "పురుగుకు ఇల్లు గావాలె. అది ఊకోదు."

వేపచెట్టు కింద ఇప్పుడు ఇసుక పోయను. బండి కింద పాత అట్టపెట్టె ముక్క పరుస్తాను, పొద్దున్నే ముఖం కడుక్కోకముందే తీసి చూస్తాను. ఏడాదిన్నరగా దాని మీద వేపపూత, పిట్టల రెట్టలు తప్ప ఏమీ పడలేదు. మొన్న ఏప్రిల్‌లో బానెట్ ఎత్తితే గొట్టం మూత పక్కన, బ్రాకెట్ మూలలో, వేలిగోరంత తడి ఎర్రమట్టి కనిపించింది. ఇంకా ఆరలేదు. కందిరీగ ఇంజను మీదుగా చక్కర్లు కొడుతోంది. గుడ్డతో తుడిచి బానెట్ మూశాను. మర్నాడు పొద్దున చూస్తే మళ్లీ అక్కడే, మళ్లీ తడిగానే ఉంది.